ఎల్లర్‌గిల్ వారి సొరుగులు

"కుదరదు పిన్నీ," అన్నాడు డెరిక్. కార్డును వేలి కొసతో బల్ల మీద ఆమె వైపు నెట్టాడు. "నేను వద్దంటానా? నాలుగో రూలు వద్దంటోంది. ఆ రూలు రాసిందెవరు? మా క్లిఫర్డ్ బాబాయే కదా!"

మ్యూరియెల్ కార్డు అందుకోలేదు. టీ కూజా మీది ఉన్ని తొడుగు సర్దింది. సర్దినదాన్నే మళ్లీ సర్దింది. అరవై ఆరేళ్ల మనిషి. మొగుడు పోయి మూడు నెలలైంది. నలభై ఒక్క ఏళ్లుగా గొంతు దాటనివ్వని పేరును నిన్న సాయంత్రం మొదటిసారి కాగితం మీద పెట్టింది. "ఎల్లర్‌గిల్, హెస్టర్. 14 మార్చి 1968. క్లిఫర్డ్, మ్యూరియెల్‌ల కూతురు." అంతే, అరచేతిలో పట్టేంత కార్డు.

"రూలు నాకు తెలుసు నాయనా," అంది. "దాన్ని అందంగా తిరగరాసింది నేనే."

"మరి?"

"మరేముంది. అది మా పిల్ల. దానిదీ ఈ ఇంటిపేరే."

డెరిక్ మెడ గోక్కున్నాడు. చెడ్డవాడేం కాదు. బాబాయి పోయాక ఈ ఇంటిపేరు లెక్క చూసే పని అతని మీద పడింది. బారోలో ఓడలు కట్టేచోట ముప్పై ఏళ్లు వెల్డింగు చేసినవాడు. గీసిన గీత దాటి చెయ్యి వెయ్యడం ఆ పనిలో అలవాటు లేదు.

"పిన్నీ, ఊపిరి పీల్చినవాళ్లే మన లెక్కలోకి వస్తారు. సరే, అదలా ఉంచు. కాగితం లేనిదే కార్డు లేదని రెండో రూలు. పుట్టినట్టుగానీ, పూడ్చినట్టుగానీ ఎక్కడైనా రాసి ఉందా? ఒక్క ముక్క ఉందా నీ దగ్గర?"

లేదు. పెద్దాసుపత్రిలో బట్ట కప్పిన ట్రే ఒకటి తలుపు దాటి పోవడం తెలుసు. "చూడకపోతేనే తొందరగా మరిచిపోతావమ్మా" అన్న నర్సు గొంతు తెలుసు. "అంతా వాళ్లే చూసుకుంటారట" అంటూ క్లిఫర్డ్ టోపీని చేతుల్లో గుండ్రంగా తిప్పుతూ నిలబడడం తెలుసు. ఎక్కడ పూడ్చారో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఆ రోజుల్లో అందరూ అంతే, ఏడ్చి ఇంటికొచ్చేవాళ్లు.

"శనివారం లోపల కాగితం దొరికితే?" అంది.

"దొరికితే అప్పుడు చూద్దాం," అన్నాడు డెరిక్, దొరకదన్న ధీమాతో. లేచి గోడ దగ్గరికి వెళ్లి, శనివారం కలయికకి తీసుకెళ్లాల్సిన మ్యాపు మూలల సూదులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు.

ఆ మ్యాపు చూస్తే ఎల్లర్‌గిల్ వాళ్ల కథంతా తెలుస్తుంది. థార్న్‌డేల్ లోయ పైకొసన, ఎల్లర్ చెట్ల వాగు పక్కన ఒక గొర్రెల కొట్టం ఉండేది. పదమూడు వందల డెబ్భై తొమ్మిదిలో తలపన్ను కట్టిన జాన్ దగ్గర మొదటి సూది. ఇప్పుడు అక్కడ రెండు గోడలు నిలబడి ఉన్నాయి, వాటి నీడన గొర్రెలు పడుకుంటాయి. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లు సూదులన్నీ పొద్దున బయల్దేరితే సాయంత్రానికి నడిచి చేరగలిగేంత దూరంలోనే. వీళ్లకి కదలాలనే బుద్ధి పుట్టలేదు. నేత మిల్లులు వచ్చాక కొండ దిగి నెల్సన్, బర్న్‌లీ వీధుల్లో పడ్డారు. కొందరు ఓడల పనికి బారో వెళ్లారు. ఇద్దరన్నదమ్ములు కెనడా పోయారు. దేశమంతా గాలిస్తే, సముద్రం అవతలివాళ్లని కలిపినా, పోయినేడాది ఈ ఇంటిపేరుతో బతికున్నవాళ్లు రెండు వందల పన్నెండు మంది.

ఆ లెక్క క్లిఫర్డ్‌ది. రాత మాత్రం మ్యూరియెల్‌ది. అతని రాత కోడి గెలికినట్టుండేది. దేశంలోని టెలిఫోను పుస్తకాలన్నీ లైబ్రరీలో కూర్చుని ఇద్దరూ చెరొకటి చదివారు. సెలవులన్నీ శ్మశానాల్లోనే గడిచాయి. నాచు పట్టిన రాళ్లను మెత్తటి బ్రష్షుతో తుడిచి, నీళ్లు చిలకరించి, అద్దంతో ఎండను పక్కనుంచి పడేలా తిప్పితే అరిగిపోయిన అక్షరాలు పైకి తేలేవి. అద్దం పట్టుకునే పని ఆమెది. రెండు పొడుగాటి సొరుగులు: ఆకుపచ్చది బతికున్నవాళ్లది, గోధుమరంగుది పోయినవాళ్లది. మే నెల మొదటి శనివారం ఎల్లర్‌గిల్ వాళ్లందరూ చాపెల్ పక్క బడి గదిలో కలుస్తారు. ఆ ఏడు పుట్టిన బిడ్డ కార్డును తల్లి తన చేత్తో ఆకుపచ్చ సొరుగులో పెట్టాలి. పోయినవాళ్ల కార్డును దగ్గరివాళ్లు తీసి రెండో సొరుగులోకి మార్చాలి. ఆ తర్వాత బతికున్నవాళ్ల లెక్క చదువుతారు, చప్పట్లు కొడతారు, టీ తాగుతారు. ముప్పై ఏళ్లుగా ఎల్లర్‌గిల్ వాళ్ల బిడ్డలందరి కార్డులూ మ్యూరియెల్ రాసింది. బుట్టబొమ్మల్లాంటి అమ్మాయిలు బిడ్డను చంకనేసుకుని వచ్చి కార్డు పెడుతుంటే పక్కన నిలబడి సొరుగు లాగి పట్టుకునేది. ఆమె చేత్తో ఒక్కటీ పెట్టింది లేదు.

డెరిక్ వెళ్లాక కార్డును ఆప్రాన్ జేబులో వేసుకుంది.

*

గురువారం పొద్దున్నే క్లిఫర్డ్ పెట్టెలు దించింది. డెరిక్ శుక్రవారం సాయంత్రం వ్యాను తెచ్చి అన్నీ పట్టుకుపోతాడు. ఈ లోపల దొరకాలి. చర్చి రిజిస్టర్ల నకళ్లు, కెనడా ఉత్తరాలు, చిరిగిన వీలునామాల ఫొటోలు, అన్నీ తిప్పింది. మోకాళ్లు పట్టేశాయి. ఆఖరున 'సందేహాలు' అని రాసిన బిస్కెట్ల డబ్బా మిగిలింది. ఎవరికీ అతకని మనుషుల చీటీలుండే డబ్బా అది. దాన్ని క్లిఫర్డ్ ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "అందులో అన్నీ తప్పులే, నీ కళ్లు పాడుచేసుకోకు," అనేవాడు.

అడుగున ఉంది. నీలం గీతల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. కోడి గెలికిన రాత.

"నగర శ్మశానం, పూడ్చినవాళ్ల పుస్తకం. ఎల్లర్‌గిల్, ఆడశిశువు, చనిపోయి పుట్టినది. 16 మార్చి 1968. సి విభాగం, 411. చూసిన తేదీ: 9 మే 1987."

ఆమెకు మొదట ఏమీ అర్థం కాలేదు. తేదీ దగ్గర వేలు పెట్టి మళ్లీ చదివింది. కాగితం తిప్పింది. వెనక ఇంకో రెండు ముక్కలున్నాయి.

"మ్యూరియెల్‌కి చెప్పను. ఇప్పుడిప్పుడే ఏడవడం మానేసింది."

ఎంత మాట! ఏడవడం ఆమె ఎప్పుడు మానేసింది? అతని ముందు మానేసింది, అంతే. గిన్నెలు కడుగుతూ కుళాయి పూర్తిగా తిప్పుకుని ఏడ్చేది. అతను పక్కగదిలో కార్డులు సర్దుకుంటూ ఉండేవాడు. నీళ్ల చప్పుడు విని, పాపం, గిన్నెలు శుభ్రంగా తోముతోందనుకున్నాడు కాబోలు!

తొమ్మిది మే. శనివారం. ఆ రోజు తనూ ఉంది. ఆ శ్మశానంలోనే, ఎ విభాగంలో మోకాళ్ల మీద కూర్చుని థామస్ ఎల్లర్‌గిల్ అనే నేతగాడి రాయి తుడుస్తోంది. క్లిఫర్డ్ ఆఫీసులో పుస్తకం చూసి తెల్లగా పాలిపోయి బయటికొచ్చాడు. "ఇక్కడ మనవాళ్లు ఇంకెవరూ లేరు, పద," అన్నాడు. ఎండదెబ్బ తగిలిందేమోనని ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. టీ తాగి, ఇంటికి తీసుకొచ్చేశాడు.

మూడు ఇళ్ల అవతలుండే తోటికోడలు బెరిల్ రొట్టె తీసుకుని వచ్చేసరికి మ్యూరియెల్ నేల మీద కాగితాల మధ్య కూర్చుని ఉంది. క్లిఫర్డ్ పెదనాన్న కొడుకు, ఎప్పుడో పోయిన నార్మన్ భార్య బెరిల్. డెబ్భై దాటింది. మనిషి సన్నగా, కట్టెపుల్లలా ఉంటుంది. మాట మాత్రం గట్టి.

"ఏంటే, అలా కూలబడ్డావు? పడ్డావా?"

మ్యూరియెల్ కాగితం చేతికిచ్చింది. బెరిల్ కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివింది. వెనక్కి తిప్పి అదీ చదివింది.

"ఇరవై రెండేళ్లు అక్కా!" అంది మ్యూరియెల్. "ఇరవై రెండేళ్లు పక్కలో పడుకుని, పొద్దున్నే లేచి గుడ్లు ఉడకబెట్టమన్నాడు. ఎవరి తాతని ఎక్కడ పూడ్చారో బారోలో ఉన్నవాడికి ఉత్తరాలు రాయించాడు నాచేత. నా బిడ్డ ఎక్కడుందో నాకు చెప్పలేదు!"

"చెప్తే నువ్వు బతకవనుకున్నాడేమో."

"నేను బతికానని ఎవరు చెప్పారు ఆయనకి?"

బెరిల్ కాగితం మడిచి వెనక్కిచ్చింది. రొట్టె బల్ల మీద పెట్టి, కోటు విప్పకుండానే పక్కన నేల మీద కూర్చుంది. "రేపు తొమ్మిదిన్నరకి బస్సుంది," అంది.

*

శుక్రవారం చిరుజల్లు. శ్మశానం ఆఫీసులో సబీహా అనే అమ్మాయి ఉంది. పుస్తకం తీసి వేలితో వరుస వెంట దిగుతూ, "ఇదిగోనమ్మా," అంది నెమ్మదిగా. పుస్తకం తిప్పి చూపించింది. ఎల్లర్‌గిల్ అన్న మాట స్పష్టంగా ఉంది. పేరుండాల్సిన చోట అడ్డగీత ఉంది. ఆ పిల్ల ఫొటోకాపీ తీసి, ముద్ర వేసిచ్చి, ఇద్దరి బూట్ల వైపూ చూసి, "గడ్డి తడిగా ఉంటుంది, నేనూ వస్తాను," అని రబ్బరు బూట్లు తొడుక్కుంది.

సి విభాగంలో రాళ్లు లేవు. ఖాళీ స్థలం లాంటి పచ్చిక, అంతే. సబీహా ప్లాను తడవకుండా అంగీ కింద పెట్టుకుని, దారి అంచునుంచి టేపు పరిచి కొలిచింది. ఒకసారి తప్పిందని మళ్లీ కొలిచి, చిన్న చెక్కముక్క గుచ్చింది.

"ఇక్కడేనమ్మా. ఇందులో పద్నాలుగు మంది పసివాళ్లున్నారు. అందరూ ఆ నెలవాళ్లే." ఆగి, "మీరు ఉండండి, ఎంతసేపైనా," అని వెళ్లిపోయింది.

మ్యూరియెల్ అక్కడ నిలబడింది. గొంతు పగిలేలా ఏడుస్తాననుకుంది. ఏడుపు రాలేదు. ఎదురుగా, దారి అవతల, ఎ విభాగం కనిపిస్తోంది. థామస్ రాయి కూడా కనిపిస్తోంది. రెండు వందల అడుగులుంటుందేమో. ఆ రోజు తను అక్కడ ముక్కూ మొహం తెలియని నేతగాడి రాయిని ఒళ్లు తుడిచినట్టు తుడిచింది.

వంగి గడ్డి మీద అరచెయ్యి ఆనించింది. "హెస్టర్," అంది. పైకి అనడం అదే మొదలు. అప్పుడు వచ్చింది ఏడుపు.

బెరిల్ గొడుగు పట్టుకుని పక్కనే ఉంది. ఏడుపు తగ్గాక, తనలో తను అనుకున్నట్టు అంది: "మావాడికీ ఎక్కడో ఇలాంటి చోటు ఉండే ఉంటుంది. అరవై ఒకటిలో. నేను అడగలేదు. మీ ఇంటినుంచి ఆ ఉత్తరం వచ్చాక ఇంక ఎవర్నీ ఏమీ అడగలేదు."

మ్యూరియెల్ గడ్డి మీంచి చెయ్యి తీసింది.

ఆ ఉత్తరం ఆమె మరిచిపోలేదు. గుర్తు చేసుకోలేదు, అంతే. డెబ్భై తొమ్మిదిలో మొదటి కలయికకి ముందు నెల్సన్ నుంచి నార్మన్ రాశాడు, మాకు పుట్టగానే పోయిన కొడుకున్నాడు, పుట్టకముందే పోయాడంటారు డాక్టర్లు, వాడికీ ఒక కార్డు పెట్టండని బెరిల్ అడుగుతోందని. క్లిఫర్డ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, వీపు ఇటు పెట్టి చెప్పాడు, ఆమె తల ఎత్తకుండా రాసింది. "ఊపిరి పీల్చినవారినే లెక్కలోకి తీసుకోవాలని నాలుగో నిబంధనగా చేర్చుకున్నాం. మీ ఆవిడకు నా నమస్కారాలు తెలుపగలరు." అతనేం తలుచుకుంటున్నాడో ఆమెకు తెలుసు. ఆమె ఏం తలుచుకుంటోందో అతనికీ తెలుసు. ఇద్దరూ నోరు విప్పలేదు. ఆ ఉత్తరానికి ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో చిరునామా రాసి, స్టాంపు అంటించి, తనే వెళ్లి డబ్బాలో వేసి వచ్చింది.

"అక్కా," అంది. "అది నా చేతిరాత."

"తెలుసు," అంది బెరిల్. "ఆ తర్వాత పెళ్లి పిలుపులకీ, క్రిస్మస్‌కీ నువ్వు కార్డులు పంపిస్తే ఆ రాతే చూసేదాన్ని కదా."

"ముప్పై ఏళ్లు! ఒక్క మాటైనా అనలేదే నువ్వు. తిట్టాల్సింది. గుమ్మంలోకొచ్చి జుట్టు పట్టుకుని ఈడ్వాల్సింది."

"అందామనే వచ్చాను, ఈ వీధికి మారిన రోజు. నువ్వు తలుపు తీశావు. నీ మొహం చూశాను. దీనికీ ఏదో ఉందిలే అనుకున్నాను," అంది బెరిల్. "చీపురు కావాలని అడిగి తీసుకుపోయాను."

మ్యూరియెల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆఫీసుకు లాక్కుపోయింది. సబీహా అరవై ఒకటి పుస్తకం తీసింది, అరవై, అరవై రెండు కూడా తీసింది. చేతివేళ్లకి దుమ్ము అంటింది. అరగంట వెతికి తల అడ్డంగా ఊపింది. "అప్పట్లో కొన్ని ఆసుపత్రులు ఇక్కడికి పంపేవి కావమ్మా. ఎక్కడికి పంపాయో ఎక్కడా రాయలేదు. క్షమించండి."

"నువ్వేం చేశావమ్మా," అంది బెరిల్, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంటూ.

*

శనివారం బడి గదిలో నలభై ఐదు మంది దాకా చేరారు. పంది మాంసం శాండ్‌విచ్‌ల మీద తడిగుడ్డ కప్పి ఉంది. టీ బాయిలరు బుసలు కొడుతోంది. "ఏరా, ఇంకా లావయ్యావు", "నీ జుట్టేదిరా, బారోలోనే వదిలేశావా" అని ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటున్నారు. గోడకి మ్యాపు, దాని కింద బల్ల మీద రెండు సొరుగులు. డెరిక్ కొత్త టై కట్టుకుని వచ్చాడు.

కెనడాలో పుట్టిన మనవడి కార్డును నాయనమ్మ పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత డెరిక్ గొంతు తగ్గించి, "క్లిఫర్డ్ బాబాయి," అన్నాడు. కుర్చీలు కిర్రుమన్నాయి, అందరూ లేచి నిలబడ్డారు. మ్యూరియెల్ వెళ్లి ఆకుపచ్చ సొరుగులోంచి మొగుడి కార్డు తీసింది. అది కూడా తన రాతే. చదువుకుంది. గోధుమరంగు సొరుగులో, అతని చోట పెట్టింది. ఆమెకు అతని మీద కోపం పోలేదు. అతను లేడన్న బెంగా పోలేదు.

వెనక్కి వచ్చి కూర్చోవాలి. కూర్చోలేదు.

"నావి ఇంకా అవలేదు," అంది.

"పిన్నీ," అన్నాడు డెరిక్ మెల్లగా, "మనం అనుకున్నాం కదా."

"కాగితం అడిగావు, తెచ్చాను." ముద్ర వేసిన ఫొటోకాపీ బల్ల మీద పరిచింది. "మీ బాబాయికి ఇది ఇరవై రెండేళ్లుగా తెలుసు. నాకు మొన్ననే తెలిసింది."

డెరిక్ కాగితం చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "కాగితం ఉంది, కాదన్ను. కానీ నాలుగో రూలు మార్చాలంటే ఓటు పెట్టాలి పిన్నీ. అదీ ఈ ఇంటిపేరుతో పుట్టినవాళ్లే వెయ్యాలి. నువ్వూ బెరిల్ పెద్దమ్మా..."

"మెట్టినవాళ్లం. తెలుసులే. నేను ఓటు అడగడం లేదు నాయనా. ఈ సొరుగుల్లో ఉన్న ప్రతి ముక్కా నేను రాసిందే. ఇంకో రెండు రాస్తున్నాను, అంతే."

"రెండా?"

మ్యూరియెల్ ఖాళీ కార్డు ఒకటి తీసి పెన్ను మూత విప్పింది. "బెరిల్ అక్కా, ఇలా రా."

బెరిల్ శాండ్‌విచ్‌ల బల్ల దగ్గర ఉంది. కదల్లేదు. "నాకెందుకే ఇప్పుడు," అంది, చేతులు గౌనుకి తుడుచుకుంటూ. "మావాడు లెక్కలోకి రాడని రాయించుకున్నాను కదా ఒకసారి."

"అది నేనే రాశాను. నేనే దిద్దుకోవాలి. రా, పేరు చెప్పు."

"పేరు పెట్టలేదు. పెడితే పిలవాలనిపిస్తుందని పెట్టలేదు."

"ఇప్పుడు పెట్టు."

బెరిల్ బల్ల దాకా వచ్చింది. మ్యూరియెల్ పెన్ను పట్టుకుని కాచుకుంది. "ఎడ్విన్," అంది బెరిల్ చివరికి. "మా నాన్న పేరు. అది మీ ఎల్లర్‌గిల్ వాళ్ల పేరేం కాదు."

మ్యూరియెల్ రాసింది. 'ఎ' కొంచెం వంకర పోయింది. ఆమె రాసిన వాటిలో అలాంటిది ఇంకొకటి ఉండదు.

"పిన్నీ, దీనికి కాగితం?" అన్నాడు డెరిక్. అడక్కుండా ఉండలేని మనిషి.

"కాగితం లేదు. తల్లి ఉంది, చూడు."

బెరిల్ రెండు చేతులతో కార్డు పట్టుకుంది. మ్యూరియెల్ ఆకుపచ్చ సొరుగు లాగి పట్టుకుంది. బెరిల్ దాన్ని నార్మన్ కార్డు ఉండాల్సిన చోట వెతికి, అతను అందులో లేడని గుర్తొచ్చి, వేరే ఇద్దరి మధ్య పెట్టింది. తర్వాత మ్యూరియెల్ ఆప్రాన్ జేబులోంచి హెస్టర్‌ని తీసింది. ఈసారి సొరుగు బెరిల్ పట్టుకుంది. ఎదురుగా ఉన్నవాళ్లలో కొందరు కళ్లు దించుకున్నారు. వెనక వరసలో ఒకావిడ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది.

"చదువు నాయనా," అంది మ్యూరియెల్.

డెరిక్ చేతిలో టైపు చేసుకొచ్చిన కాగితం ఉంది. అందులో రెండు వందల పన్నెండు అని ఉంది. దాని వైపు చూశాడు. రూళ్ల పుస్తకం వైపు చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ ఏటి ఎల్లర్‌గిల్ వాళ్లు," అన్నాడు. "బతికున్నవాళ్లు... రెండు వందల పద్నాలుగు మంది."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఒకరిద్దరు కొట్టారు, మిగతావాళ్లు అందుకున్నారు. టీ బాయిలరు దగ్గరికి జనం మెల్లగా కదిలారు. కప్పులు గలగలలాడాయి.

సొరుగుల దగ్గర ఇద్దరు ఆడవాళ్లే మిగిలారు. లెక్క చదివేశారు కాబట్టి ఇప్పుడు ఆ రెండు కార్డులూ తీసి గోధుమరంగు సొరుగులోకి మార్చాలి. పోయినవాళ్ల చోటు అదే. మ్యూరియెల్ వేళ్లు హెస్టర్ కార్డు అంచు మీద ఉన్నాయి.

"మార్చేద్దామా?" అంది బెరిల్.

"ఇంకొంచెం సేపు ఉండనీ అక్కా," అంది మ్యూరియెల్. "వాళ్లు టీ తాగి లేచేదాకా."

బెరిల్ రెండు కుర్చీలు లాక్కొచ్చింది. ఇద్దరూ సొరుగుకి చెరో పక్కా కూర్చున్నారు.